‘లింకన్’ చిత్రం - తెరమీదికి రాని విమోచకులు

చరిత్రను వస్తువుగా తీసుకొన్న చలనచిత్రాన్ని రెండు విధాల పరీక్షించవచ్చు. చూపించిన సంఘటనలు నిజంగా జరిగినవేనా అన్నది మొదటి ప్రశ్న. జరిగినవాటిలో వేటిని ఎన్నుకొన్నారు, వేటిని వదిలివేశారు అన్నది రెండవ ప్రశ్న. స్టీవెన్ స్పీల్‌బర్గ్ 2012లో తీసిన ‘లింకన్’ మొదటి పరీక్షలో చాలావరకు నెగ్గి రెండవదానిలో తప్పిపోయిన చిత్రం.

కథ ముఖ్యంగా 1865 జనవరిలో జరుగుతుంది. అమెరికా అంతర్యుద్ధం ముగింపుకు వస్తున్నది. 1863 జనవరి 1న లింకన్ చేసిన విమోచన ప్రకటన యుద్ధకాలపు ఉత్తర్వు మాత్రమే. అది తిరుగుబాటు రాష్ట్రాలకే వర్తించింది. యూనియన్ పక్షాన నిలిచిన డెలావేర్, మేరీలాండ్, కెంటకీ, మిస్సోరీలలోని బానిసలకు వర్తించలేదు. యుద్ధం ముగిశాక న్యాయస్థానాలు దానిని కొట్టివేస్తాయేమోనన్న భయం కూడా ఉన్నది. కనుక బానిసత్వాన్ని రాజ్యాంగంలోనే నిషేధించే పదమూడవ సవరణ అవసరమయింది. 1864 ఏప్రిల్ 8న సెనేటు దానిని 38–6 ఓట్లతో ఆమోదించింది. జూన్‌లో ప్రతినిధుల సభలో 93–65 ఓట్లు వచ్చినా, కావలసిన మూడింట రెండువంతులు రాలేదు. తిరిగి ఎన్నికైన లింకన్ కొత్త సభ సమావేశమయ్యేదాకా ఆగక, పాత సభచేతనే దానిని ఆమోదింపజేయడానికి పూనుకొన్నాడు. జనవరి 31న 119–56 ఓట్లతో సవరణ గెలిచింది. ఆనాడు పోలయిన ఓట్లలో 117 వస్తే చాలు. అంటే రెండే ఎక్కువ!

ఈ ఘట్టాన్ని చూపడంలో చిత్రానికున్న గుణాలను కాదనలేం. రచయిత టోనీ కుష్నర్, నటుడు డేనియల్ డే లూయిస్ కలిసి లింకన్‌ను పాలరాతి విగ్రహం కాకుండా కాపాడారు. ఎన్నికల్లో ఓడి ఇంటికి పోబోతున్న డెమోక్రాటు సభ్యులకు ఉద్యోగాల ఆశ చూపడం, సంధి రాయబారులు దారిలో ఉండగానే వారు నగరంలో లేరని మాటల చాటున తప్పించుకోవడం - ఇవన్నీ తెరమీద దాపరికం లేకుండా కనిపిస్తాయి. సమానత్వాన్ని నిండుగా నమ్మిన థాడియస్ స్టీవెన్స్, సవరణ చెడిపోకూడదని సభలో ‘చట్టం ముందు సమానత్వం’ వరకే మాట్లాడి తన నమ్మకాన్ని దిగమింగుకొనే దృశ్యం గొప్పది. ఉన్నతమైన చట్టం కూడా మురికిచేతుల మీదుగానే రావచ్చునని విద్యార్థులకు తెలియడం మంచిదే.

చిత్రంలో చిన్న పొరపాట్లు లేకపోలేదు. కనెక్టికట్ ప్రతినిధులు ఇద్దరు వ్యతిరేకంగా ఓటు వేసినట్లు చూపారు. నిజానికి ఆ రాష్ట్రపు నలుగురూ అనుకూలంగానే వేశారు. ఇటువంటి తప్పును ఒక వాక్యంతో దిద్దవచ్చు. దిద్దడానికి వీలులేనిది చిత్రంలో నల్లజాతివారికి దొరికిన స్థానం.

వారు చిత్రంలో లేరా? ఉన్నారు. మొదటి దృశ్యంలో నల్లసైనికుడొకడు జీతంలోని వ్యత్యాసాన్ని గురించి అధ్యక్షుణ్ణి నిలదీస్తాడు. దుస్తులు కుట్టే ఎలిజబెత్ కెక్లీ, యుద్ధంలో చనిపోయిన తన కొడుకును గురించి చెబుతుంది. అధ్యక్షభవనంలో సేవకుడు విలియం స్లేడ్ తిరుగుతుంటాడు. ఓటింగు రోజున నల్లవారు గాలరీలో కూర్చొని ఫలితంకోసం ఎదురుచూస్తారు. వీరు అడుగుతారు, దుఃఖిస్తారు, వేచి ఉంటారు. పనిచేసేవారు మాత్రం వేరే. నిజజీవితంలో కెక్లీ 1862లోనే వాషింగ్టన్‌లో పారిపోయి వచ్చిన బానిసల సహాయానికి సంఘం స్థాపించిన స్త్రీ. స్లేడ్ ఆ నగరపు నల్లజాతి సమాజంలో నాయకుడు. చిత్రం వెలువడిన రోజుల్లోనే చరిత్రకారిణి కేట్ మాసర్ ఈ లోపాన్ని ఎత్తిచూపింది. లింకన్‌ను మూడుసార్లు కలిసి వాదించిన ఫ్రెడరిక్ డగ్లస్ అయితే చిత్రంలో ఎక్కడా కనిపించడు.

వాస్తవంలో విమోచన ఎక్కడ మొదలయింది? 1861 మేలో, యుద్ధం మొదలయిన ఆరు వారాలకు, వర్జీనియాలో ముగ్గురు బానిసలు రాత్రివేళ పడవలో మన్రో కోటకు చేరారు. వారి పేర్లు ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మల్లొరీ, జేమ్స్ టౌన్‌సెండ్. తమ యజమాని తమచేత తిరుగుబాటు సైన్యానికి ఫిరంగి దిబ్బలు కట్టిస్తున్నాడని చెప్పారు. సేనాధిపతి బట్లర్ వారిని తిరిగి అప్పగించలేదు. శత్రువు యుద్ధానికి వాడుకొనే సొత్తును పట్టుకొన్నట్లే లెక్క అన్నాడు. మనుషులను సొత్తుగా ఎంచే మాటతోనే వారికి రక్షణ దొరికింది! ఆ వార్త విని వందలు, తరువాత వేలు తరలివచ్చారు. ఆగస్టులో కాంగ్రెసు అందుకు తగిన చట్టం చేసింది. మరుసటి మార్చిలో పారిపోయి వచ్చినవారిని సైన్యాధికారులు తిప్పి పంపరాదని ఇంకొక చట్టం చేసింది. బానిసల కాళ్ళు ముందు నడిచాయి, చట్టం వెనుక నడిచింది.

1862 మేలో రాబర్ట్ స్మాల్స్ అనే బానిస, చార్ల్స్‌టన్ రేవునుంచి ‘ప్లాంటర్’ అనే ఓడనే నడుపుకొని యూనియన్ నౌకలవద్దకు వచ్చాడు. యుద్ధం ముగిసేలోగా సుమారు 1,80,000 మంది నల్లవారు యూనియన్ సైన్యంలో చేరారు. తెల్లసైనికునికి నెలకు 13 డాలర్లిస్తే వీరికి దుస్తుల కోత పోగా 7 డాలర్లే ముట్టేవి. కొన్ని దళాలవారు ఆ తక్కువ జీతాన్ని ముట్టబోమని నిరాకరించారు. 1864 జూన్‌లో ప్రభుత్వం జీతాలు సమానం చేయక తప్పలేదు. తోటలను విడిచిపోయిన ఈ మహాప్రవాహాన్ని డబ్ల్యు. ఇ. బి. డుబోయిస్ 1935లో ప్రచురించిన ‘బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్’లో సార్వత్రిక సమ్మె అని పేర్కొన్నాడు.

దీనివల్ల లింకన్ చిన్నవాడు కాడు. 1862 ఆగస్టులో నల్లజాతి ప్రతినిధులను పిలిచి, దేశం విడిచి వేరేచోట స్థిరపడటం మేలని సలహా చెప్పినవాడు ఆయనే. మారినవాడూ ఆయనే. సంఘటనలను తాను నడపలేదని, అవే తనను నడిపాయని 1864లో ఒక లేఖలో ఒప్పుకొన్నాడు కూడా. ఆ వినయం చిత్రంలో లోపించింది.

ఒక్క నెల కథలో ఇవన్నీ ఎలా పడతాయని ఎవరైనా అడగవచ్చు. సరే, ఆ ఒక్క నెలనే చూద్దాం. 1865 జనవరి 12న, జార్జియాలోని సవానా పట్టణంలో, యుద్ధమంత్రి స్టాంటన్, సేనాధిపతి షెర్మన్ ఇరవైమంది నల్లజాతి మతాచార్యులను సమావేశపరిచారు. వారి తరఫున మాట్లాడినవాడు అరవైయేడేళ్ళ గారిసన్ ఫ్రేజియర్. ఎనిమిదేళ్ళ క్రితం వెయ్యి డాలర్లు చెల్లించి తనను, తన భార్యను విడిపించుకొన్న మనిషి. బానిసత్వమంటే ఏమిటని అడిగితే, ఒకని శ్రమను అతని ఇష్టంలేకుండా బలంచేత పొందటమని చెప్పాడు. మీకేం కావాలని అడిగితే భూమి అన్నాడు. నాలుగు రోజులకు షెర్మన్ ఉత్తర్వు వెలువడింది: సముద్రతీరపు భూములలో కుటుంబానికి నలభై ఎకరాలకు మించకుండా పంపకం. జూన్ నాటికి సుమారు నలభైవేలమంది అక్కడ స్థిరపడ్డారు. లింకన్ తరువాత వచ్చిన జాన్సన్ ఆ సంవత్సరమే ఆ భూములను పాత యజమానులకు తిప్పి ఇప్పించాడు.

ఇదే స్టాంటన్ చిత్రంలో పాత్రధారి. ఇదే జనవరి చిత్రపు కాలం. అయినా సవానాకు అందులో చోటు లేదు. ఓట్లను లెక్కించిన కథలో భూమి ప్రశ్న వినిపించలేదు. అందుచేత సవరణ ఆమోదంతో కథ శుభంగా ముగిసినట్లు ప్రేక్షకునికి తోస్తుంది. ఆ సవరణలోనే, నేరానికి శిక్షగా తప్ప అన్న మినహాయింపు ఉన్నది. 1865 చివరికే మిసిసిపీ రాష్ట్రం పనిలేని నల్లవారిని దిమ్మరులుగా శిక్షించే చట్టం చేసింది. తరువాత దక్షిణాదిన ఖైదీలను తోటలకు, గనులకు కిరాయికిచ్చే పద్ధతి దశాబ్దాలపాటు సాగింది. భూమిలేని స్వేచ్ఛకు పట్టిన గతి అది.

చిత్రం చేసిన మేలొకటి చెప్పి తీరాలి. మిసిసిపీ ఈ సవరణను 1995లో గాని ధ్రువీకరించలేదు; ఆ కాగితమూ కేంద్రానికి సరిగా చేరలేదు. భారతదేశంనుంచి వలసవెళ్ళిన ఒక అధ్యాపకుడు ఈ చిత్రం చూసి, తరువాత ఏం జరిగిందో వెతికి, ఈ లోపాన్ని బయటపెట్టాడు. 2013 ఫిబ్రవరిలో ఆ లాంఛనం పూర్తయింది. ప్రేక్షకుడు తెరదగ్గర ఆగకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇది చాలు.

జ్యోతిరావు ఫూలే 1873లో తన ‘గులాంగిరి’ గ్రంథాన్ని అంకితమిచ్చినది బానిసవిమోచనకు పాటుపడిన అమెరికా ప్రజలకు, ఏ అధ్యక్షుడికీ కాదు. విద్యార్థులకు ఈ చిత్రం తప్పక చూపించండి. తరువాత, మన్రో కోటకు పడవలో వచ్చిన ఆ ముగ్గురి పేర్లు నల్లబల్లమీద రాయండి.