పూవు నెరుగని తీగ

ఇంటి ముందు ఒక తీగను నాటదలచిన వారికి తొలుత ఎదురగు ప్రశ్న చిన్నదే. ఆకు కొరకు నాటవలెనా, పూవు కొరకు నాటవలెనా? మల్లె, జాజి, రాధామనోహరము, శంఖపుష్పము పూవుల కొరకు పెంచునవి. తమలపాకు, మనీ ప్లాంటు ఆకుల కొరకు పెంచునవి. ఇది కేవలము అభిరుచికి సంబంధించిన విషయమని తోచును. కాని మానవుడు ఒక తీగలో ఆకునే చూచి పూవును మరచినందువలన ఆ తీగ పేరేమో తేల్చుకొనుటకు వృక్ష శాస్త్రజ్ఞులకు ఎనుబది యేండ్లకు పైగా పట్టినది. ఆ తీగ మన కిటికీలలో సీసా నీళ్లలో పెరుగుచున్న మనీ ప్లాంటే.

కడప జిల్లాలో ఎర్రగుంట్లకు చేరువనున్న చిలమకూరు సున్నపురాతి నేల. సిమెంటు కర్మాగారము అక్కడ వెలసినది ఆ రాతి కొరకే. వేసవిలో నలుబది డిగ్రీలు దాటు ఎండ, కొద్దిపాటి వాన. ఇటువంటి చోట గోడ వెంబడి కాగితపు పూల తీగ నాటినచో అది విరగబూయును. నీరు తక్కువైన కొలది దానికి పూత హెచ్చును. అదే యెండలో మనీ ప్లాంటు ఉంచినచో నాలుగు దినములలో ఆకులు మాడిపోవును. దానిని ఇంటిలోనికి తెచ్చి, నాపరాతి గచ్చు మీద, కిటికీకి రెండు బారల దూరమున ఉంచినచో హాయిగా పెరుగును. కాగితపు పూల తీగను అక్కడ ఉంచినచో ఆకులు సన్నగిల్లి, పూత యన్నది లేకుండ పోవును.

దీనికి కారణము వెలుతురు. మిట్టమధ్యాహ్నపు ఎండలో సుమారు లక్ష లక్సుల వెలుతురు ఉండును. గది లోపల అది కొన్ని వందల లక్సులకు పడిపోవును. మన కన్ను త్వరగా సర్దుకొనును కనుక ఈ తేడా మనకు తెలియదు, ఆకునకు తెలియును. పూవును తయారు చేయుట మొక్కకు ఖర్చుతో కూడిన పని. పూవు తన ఆహారమును తాను సంపాదించుకొనదు, ఆకులు కూడబెట్టిన దానిని తినును. చాలీచాలని వెలుతురులో బ్రతుకు మొక్క ఆ ఖర్చునకు పూనుకొనదు. అందుచేత ఇంటి లోపల పెంచు మొక్కలలో ఆకు మొక్కలదే పైచేయి అయినది.

కాగితపు పూల విషయమున ఒక చమత్కారమున్నది. ఫ్రెంచి నావికుడు బూగన్‌విల్ 1766లో ప్రపంచ ప్రదక్షిణమునకు బయలుదేరినపుడు కొమ్మర్సన్ అను వృక్ష శాస్త్రజ్ఞుడు వెంట వెళ్లినాడు. పురుష వేషములో అతనికి సహాయకురాలిగా వెళ్లిన జాన్ బారే భూమిని చుట్టి వచ్చిన తొలి స్త్రీగా ప్రసిద్ధి కెక్కినది. బ్రెజిల్ తీరమున 1767లో వారికి దొరికిన ఈ తీగకు నాయకుని పేరు పెట్టినారు. అందులో మనము పూవులని మెచ్చుకొను ఎర్రని రేకులు నిజమునకు ఆకులే. అసలు పూవులు వాటి నడుమ సన్నని తెల్లని గొట్టముల వలె ఉండును. పూవు కొరకని నాటిన వారు అక్కడ కూడ ఆకునే చూచి ఆనందించుచున్నారన్నమాట!

ఉష్ణమండలపు ఆకు తీగలు ఐరోపా ఇండ్లలోనికి చేరుటకు దారి చూపినది ఒక లండను వైద్యుడు. నథానియల్ వార్డ్ 1829లో ఒక చిలుక పురుగు గూటిని తడి మట్టితో సీసాలో పెట్టి మూత బిగించినాడు. సీతాకోక వచ్చునేమో అని ఎదురుచూచుచుండగా ఆ మట్టిలోనుండి ఒక ఫెర్న్ మొక్క, ఒక గడ్డి మొక్క మొలచినవి. అతని తోటలో ఫెర్నులు పొగకు చచ్చుచుండెడివి; మూసిన సీసాలో మాత్రము బ్రతికినవి. లోపలి తేమ ఆవిరియై, గాజుపై చేరి, మరల మట్టిలోనికి దిగుచుండుటయే ఇందలి రహస్యము. 1833లో అతడు గాజు పెట్టెలలో మొక్కలను ఆస్ట్రేలియాకు ఓడలో పంపగా అవి క్షేమముగా చేరినవి. అంతవరకు ఉప్పుగాలికి, మంచినీటి కొరతకు దారిలోనే చచ్చుచుండిన మొక్కలు ఆ పిమ్మట వేలకొలదిగా సముద్రములు దాటినవి. చైనా తేయాకు మొక్కలు హిమాలయ సానువులకు వచ్చినది కూడ ఈ పెట్టెలలోనే. ఆ కాలపు ఐరోపా గదులలో వెలుతురు తక్కువ, దీపపు వాయువుల బెడద ఎక్కువ. వాటిని తట్టుకొనునవి దళసరి ఆకుల మొక్కలే కనుక ఆకు మొక్కలకు గిరాకి పెరిగినది.

ఆ గిరాకిని తీర్చిన వర్తకులలో బెల్జియమునకు చెందిన లిండెన్ ఒకడు. 1880లో అతడును, ఆంద్రే అను తోట శాస్త్రజ్ఞుడును పసుపు చారల ఆకులు గల ఒక తీగను వర్ణించి, పోథాస్ ఆరియస్ అను పేరు పెట్టినారు. ఆరియస్ అనగా బంగారు వన్నె గలది. పోథాస్ అను మాట సింహళ భాషలోని మొక్క పేరు నుండి వచ్చినది. తీగ సోలొమన్ దీవులదని అప్పట్లో చెప్పుకొన్నారు. అది పసిఫిక్ మహాసముద్రములో తహితి ప్రక్కనున్న మోరియా దీవిదని తరువాత గాని తేలలేదు.

లిండెన్ వర్ణించినది ఆకును, కాండమును మాత్రమే. వర్తకునకు అంతకంటె కావలసిన దేమున్నది? కాని లిన్నేయస్ కాలము నుండి మొక్కల వర్గీకరణకు ఆధారము పూవు. ఆకు స్థలమును బట్టి, వయస్సును బట్టి మారును. పూవు నిర్మాణము అంత తేలికగా మారదు. ఈ తీగ కంద, చేమ మొక్కల కుటుంబమునకు చెందినదని చూడగానే తెలియును. ఆ కుటుంబములో పైకి ఒక్క తీరున కనిపించు ఎగబ్రాకు తీగలు అనేకమున్నవి. వాటిని విడదీయవలెనన్న అండాశయమును కోసి, లోపల అండములు ఎన్ని ఉన్నవో లెక్కించవలెను. ఒక్క అండమున్నచో అది సిండాప్సస్ ప్రజాతి. కొద్ది అండములున్నచో ఎపిప్రెమ్నమ్. చాల ఉన్నచో రాఫిడోఫోరా. పూవే పూయని తీగలో అండములను లెక్కించు టెట్లు?

జర్మను శాస్త్రజ్ఞుడు ఎంగ్లర్ 1908లో దీనిని సిండాప్సస్‌లో చేర్చినాడు. అంతటి పండితుడు కూడ ఆకు పోలికనే నమ్ముకొనవలసి వచ్చినది. ఆ పేరే అర్ధ శతాబ్దికి పైగా తోటమాలుల పట్టికలలో నిలిచినది. చివరకు 1960 తరువాత ఈ తీగ పూచిన దాఖలా దొరికినది. వెంటనే పేరు మారినది. 1963లో బర్డ్‌సే దీనిని రాఫిడోఫోరా అన్నాడు. మరుసటి యేడు బంటింగ్ పూవును మరింత నిశితముగా పరిశీలించి ఎపిప్రెమ్నమ్ ఆరియమ్ అని నిర్ణయించినాడు. నడుమ కొందరు ఇది వేరొక జాతిలోని ఒక రకమే యని వాదించినను, నేడు శాస్త్రజ్ఞులు అంగీకరించు పేరు ఇదే. మొక్క మారలేదు, దాని రూపము మారలేదు. ఒక పూవు కనబడుటతో దాని చిరునామా మాత్రము మారినది. పాత పుస్తకములలో ఇదే తీగకు వేరు వేరు పేర్లు కనబడి తికమకపడు విద్యార్థులకు కారణ మిది.

తనంతట తాను ఈ తీగ పూచినట్లు చివరిసారి నమోదైనది 1964లో. కోట్లకొలది ఇండ్లలో పెరుగు మొక్క ఇంత మౌనముగా ఉండుటకు నీడ ఒక్కటే కారణము కాజాలదు. వేడి దేశములలో చెట్లెక్కి, మూరకు మించిన చీలిక లాకులు వేసి పెరిగిన తీగలు కూడ పూయవు. జవాబు 2016లో అమెరికా శాస్త్రజ్ఞుల పరిశోధనలో దొరికినది. దానిని గ్రహించుటకు వరి పొలములోనికి ఒకసారి వెళ్లి రావలెను.

వరిలో కొన్ని మొలకలు మిగిలిన వాటికంటె విపరీతముగా పొడవు పెరిగి, పాలిపోయి, వాలిపోవు తెగులొకటి ఉన్నది. జపానువారు దీనిని తెలివిమాలిన మొలక అను అర్థము వచ్చునట్లు బకనే అన్నారు. 1926లో కురొసావా అను జపాను శాస్త్రజ్ఞుడు ఆ తెగులు కలిగించు శిలీంధ్రము స్రవించు పదార్థమే మొలకను సాగదీయుచున్నదని చూపినాడు. 1938లో యబుటా, సుమికి దానిని స్ఫటికములుగా వేరు చేసినారు. అదే జిబ్బరెల్లిన్. ఇట్టి పదార్థములను మొక్కలు తమలో తామే హార్మోనులుగా తయారు చేసికొనునని తరువాత తెలిసినది. వీటికి పూత పూయించు శక్తి కూడ కలదని, చలికాలము గడచిన గాని పూయని కారట్ వంటి మొక్కలపై చల్లి, చలి లేకుండగనే పూయించి, 1957లో లాంగ్ నిరూపించినాడు.

మనీ ప్లాంటులో ఈ హార్మోను తయారగు వరుసలో చివరి మెట్టు దగ్గర పనిచేయవలసిన ఒక జన్యువు మూగబోయినది. పని చేయగల జిబ్బరెల్లిన్ చాలినంత లేదు కనుక, పూమొగ్గను మొదలుపెట్టు జన్యువునకు పిలుపు అందదు. 2016 నాటి పరిశోధకులు బయటి నుండి జిబ్బరెల్లిన్ చల్లగా తీగ పూచినది. ఆ పూత కంటికి ఇంపైనది కాదు. ఒక మట్టలో ఇమిడిన కంకి, కంద పూవునకు దూరపు చుట్టము. దానిని చూచిన వారెవరును పూవు కొరకు ఈ తీగను పెంచబోరు.

పూయని మొక్కకు విత్తనము లేదు. విత్తనము లేనిది భూగోళమంతట ఎట్లు వ్యాపించినది? ప్రతి కణుపు దగ్గర వేరు పుట్టుటకు సిద్ధముగా ఉన్న మొటిమ యొకటి ఉండుటచేత. ఒక్క కణుపు తుంచి నీటిలో వేసిన చాలును. దొంగిలించి తెచ్చిన కొమ్మయే బాగుగా పెరుగునని మనవారు నమ్మెదరు. అడిగి తెచ్చినదియు అంతే బాగుగా పెరుగును గాని, దొంగతనము ఇంత సులువైన మొక్క వేరొకటి లేదన్నది నిజము. ఈ సులువే కొన్ని చోట్ల ముప్పు తెచ్చినది. ఫ్లోరిడాలో, శ్రీలంకలో ఇది తోటలు దాటి అడవిలో పడి చెట్లను కమ్ముకొనినది.

ఆకు కొరకు పెంచిన తీగ మనకు కొత్త కాదు. కడపకు చేరువన పెన్న ఒడ్డునున్న చెన్నూరు తమలపాకు తోటలకు పేరు పొందినది. తమలపాకులో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. రెండును ఒక్కచోట పూచి గింజ కట్టుట మిక్కిలి అరుదు. రైతుకు ఆ గింజతో పని లేదు. అతడు కొమ్మలనే నాటును, అవిసె చెట్లపై ప్రాకించును, తీగ ఎత్తు పెరిగినప్పుడు దించి మరల మట్టిలో చుట్టి పాతును. తీగ ఎప్పటికప్పుడు లేతదై ఆకునిచ్చును. దీని సోదరి మిరియపు తీగ. అడవి మిరియములో కూడ ఆడ, మగ తీగలు చాల వరకు వేరు. కాని మానవుడు అక్కడ కోరినది ఆకు కాదు, పండు. కనుక ఒకే పూవులో ఆడ, మగ భాగములు రెండును గల తీగలను తరతరములుగా ఏరుకొనినాడు. నేడు సాగులోనున్న మిరియములో అట్టివే హెచ్చు. ఒకే ప్రజాతిలోని రెండు తీగలు, మనిషి చూపు ఎక్కడ నిలిచినదో దానిని బట్టి రెండు దారులు పట్టినవి. పూవులు చేతికందినందుననే కేరళలో పన్నియూర్-1 వంటి సంకర మిరియమును పుట్టించగలిగినారు. తమలపాకులో ఆ పని అంత తేలిక కాదు.

ఇందులో రైతునకు నష్టమున్నది. కొమ్మల ద్వారా పెంచిన తోటలోని తీగలన్నియు జన్యు పరముగా ఒక్క తీగయే. నీరు నిలిచిన కాలమున ఫైటాఫ్తొరా సోకినచో ఒక తీగ తట్టుకొనలేనిదానిని ప్రక్క తీగయు తట్టుకొనలేదు. ఇదే ఫైటాఫ్తొరా ప్రజాతికి చెందిన వేరొక జాతి 1845 మొదలు ఐర్లండులో ఆలుగడ్డ పంటను తుడిచిపెట్టి, సుమారు పది లక్షల మంది మరణమునకు దారి తీసినది. ఆ ఆలుగడ్డలును ముక్కలు కోసి నాటినవే.

పూవును కోరుకొన్నచో విత్తనము దక్కునని అనుకొనరాదు. బొండుమల్లెను చూడుడు. రేకులు హెచ్చిన మల్లెలో కేసరములు చాల వరకు రేకులుగా మారినవి. వాసన ఉన్నది, వన్నె ఉన్నది. గింజ మాత్రము లేదు. దానినీ కొమ్మ పాతియో, అంటు త్రొక్కియో పెంచవలసినదే. ఇక పూత రప్పించుటకు మనవారు చేయు పని తమలపాకు రైతు పనికి సరిగా ఎదురు. చలికాలములో నీరు ఆపి, కొమ్మలు కత్తిరించి, ఆకు దూసివేయుదురు. ఆకు పోయిన మల్లె వేసవి నాటికి కొత్త చిగుళ్లు వేయును; మొగ్గలు పుట్టునది ఆ చిగుళ్ల కొసలనే.

మనీ ప్లాంటుకు గాలిని శుభ్రపరచు గుణమున్నదని కొందరు నమ్మెదరు. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ జరిపిన ప్రయోగములలో ఇది కొన్ని విష వాయువులను పీల్చుకొన్న మాట నిజము. కాని అవి గాలి చొరబడని చిన్న పెట్టెలలో జరిగినవి. మామూలు గదిలో కిటికీ తెరచిన వచ్చు గాలితో సాటి రావలెనన్న చదరపు మీటరుకు కనీసము పది మొక్కలు కావలెనని 2019లో ప్రచురితమైన పరిశీలన లెక్క కట్టినది. అంతకంటె గుర్తుంచుకొనవలసినది దీని ఆకులోని కాల్షియము ఆక్సలేటు సూదులు. కంద కోసిన చేతికి దురద పుట్టించునవి అవే. కంద వండువారు చింతపండు వేసి తప్పించుకొందురు. మనీ ప్లాంటు ఆకును నమలిన పసివానికి నోరు మండి వాచును.

బడిలో ఈ తీగ చేయు మేలు వేరు. మచ్చల ఆకు గల మొక్కను మూడు దినములు చీకటిలో నుంచి, ఆపై ఆరు గంటలు ఎండ తగులనిచ్చి, ఆకును కోసి దాని ఆకుపచ్చని భాగముల పటము గీసికొనవలెను. తరువాత ఆకును ఆల్కహాలులో వేసి వేడినీటి పాత్రలో ఉంచి రంగు పోగొట్టి, అయొడిన్ చుక్కలు వేయవలెను. ఆల్కహాలును నిప్పుపై నేరుగా పెట్టరాదు. ముందు గీసిన పటములోని ఆకుపచ్చ భాగములే నలుపు తిరుగును, పసుపు భాగములు తిరుగవు. పత్రహరితము లేని చోట పిండిపదార్థము లేదని విద్యార్థి తన కంటితో చూడగలడు.

ఆ పసుపు చారలు కూడ ఖర్చే. చారలు హెచ్చిన ఆకు తక్కువ ఆహారము సంపాదించును, అందుచే తీగ నెమ్మదిగా పెరుగును. విత్తనము లేని మొక్కలో కొత్త రకములు ఎట్లు వచ్చినవనగా, ఎప్పుడో ఒక కొమ్మలో దానంతట అది మార్పు పుట్టి, ఆకు తెల్లబారియో, లేత పచ్చగనో వెలువడును. కనిపెట్టిన తోటమాలి దానిని కోసి వేరుగా నాటును. అట్టి తీగలోనే మరల అచ్చమైన ఆకుపచ్చ కొమ్మ యొకటి వచ్చినచో అది మిగిలిన వాటికంటె వేగముగా పెరిగి మొక్కనంతను కమ్మివేయును. చారలు కావలెనన్నవారు దానిని కనబడిన నాడే, చారలున్న కడపటి ఆకునకు పైన, కణుపు దగ్గర కోసివేయవలెను.