మణలిలో బ్యాండు మెట్లు

ముత్తుస్వామి దీక్షితుల తొలి కృతి పుట్టిన చోటు తిరుత్తణి. ముసలివాడి రూపంలో వచ్చిన సుబ్రహ్మణ్యస్వామి ఆయన నోట్లో కలకండ వేశాడనీ, ఆ వెంటనే మాయామాళవగౌళలో ‘శ్రీనాథాది గురుగుహో’ వెలువడిందనీ చెబుతారు. కలకండ సంగతి భక్తులకు వదిలేద్దాం. నా ధ్యాసంతా ఆ కొండకు తూర్పున, సముద్రం దాపున ఉన్న మణలి మీద. తిరువళ్లూరు జిల్లాలో ఉంటూ 2011లో చెన్నై మహానగరంలో కలిసిపోయిన ఊరది.

దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులకు ఆశ్రయమిచ్చినవారు మణలి ముత్తుకృష్ణ మొదలియార్. ఆయన కొడుకు చిన్నయ్య మొదలియార్ ఈస్టిండియా కంపెనీకి దుబాసీ. ఆ చలవతోనే సెయింట్ జార్జి కోటలోని బ్యాండు దీక్షితుల అన్నదమ్ముల చెవిన పడింది. తమ్ముడు బాలుస్వామి అక్కడి యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చుకుని దాన్ని మన సంగీతానికి మలిచాడు. అన్నగారు మాత్రం మెట్లు పట్టుకున్నారు. వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. సుమారు నలభై దాకా ఉన్న ఈ పాటలే నొట్టుస్వరాలు. ఇంగ్లండు రాజగీతం ‘సంతతం పాహిమాం’ అయింది. ‘రేక్స్ ఆఫ్ మాలో’ అనే ఐరిష్ నాట్యపు మెట్టులో ‘వందే మీనాక్షి’ ఒదిగింది. మధుర అమ్మవారు ఐర్లండు గంతులతో నడిచి వస్తుంటే వినడానికి భలే సరదాగా ఉంటుంది.

ఆయన ఏం తీసుకున్నారన్నదానికంటే ఏం వదిలేశారన్నది ముఖ్యం. బ్యాండులోని తోడు స్వరాలు వదిలేశారు. మన వైపు నుంచి గమకాన్నీ, సంగతుల్నీ పక్కన పెట్టారు. మిగిలింది శంకరాభరణం స్వరాల మీద సాదాగా సాగే పాట. పరాయి సంగీతాన్ని తీసుకోవడానికి మరో దారీ ఉంది. ఫ్రెంచి సంగీతకర్త దారియుస్ మియో 1917లో రియో వెళ్లి, అక్కడి వీధి సంగీతాన్ని ఒంటబట్టించుకుని, 1937లో రెండు పియానోలకు ‘స్కారముష్’ రాశాడు. దాని చివరి భాగం ‘బ్రజిలేరా’ ఒక సాంబా. నాలుగు చేతులున్నాయి కనుక ఆ దరువుల రద్దీని కూడా మీటల మీద ఇమిడ్చాడు. దీక్షితులు రాసింది ఒక్క గొంతుకు. అందుకే పాటను మాత్రమే ఉంచారు.

సి.పి.బ్రౌన్ కోరితే ఇవి పుట్టాయన్న మాట ఒకటుంది. బ్రౌన్ మద్రాసులో దిగింది 1817లో. దీక్షితులు మణలి విడిచి అప్పటికే ఏళ్లు గడిచాయి. బ్రౌన్ వీటిని ఇష్టపడి ఉండవచ్చు గాని, పుట్టించాడంటే నాకు నమ్మబుద్ధి కాదు.

తెలుగువాళ్లం గర్వపడాల్సింది మరో చోట. బాలుస్వామికి దౌహిత్రుడూ దత్తుడూ అయిన సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని ఎట్టయపురంలో తెలుగులోనే అచ్చు వేయించారు. మరుసటి ఏడు వచ్చిన ‘ప్రథమాభ్యాస పుస్తకము’లో నొట్టుస్వరాలను స్వరపరిచి ఇచ్చారు. గమకం లేదు కాబట్టి ఆ పుస్తకం ముందు పెట్టుకుని పియానో మీద కూడా వీటిని ఉన్నదున్నట్టు వాయించవచ్చు. తోడి కృతితో ఆ పని కుదరదు.