బేగంపేటలో తారాచిత్రణము
1901వ సంవత్సరమున నవాబు జఫర్ జంగ్ నెలకొల్పగా, పిదప నిజాం ప్రభుత్వపు అధీనమునకు వచ్చి బేగంపేటకు తరలిన నిజామియా వేధశాల, ఆకాశమునంతను ఛాయాచిత్రములలో నిక్షేపింపబూనిన అంతర్జాతీయ మహాప్రయత్నమున, ఖగోళ మధ్యరేఖకు దక్షిణముగా 17 నుండి 23 డిగ్రీల నడిమి మేఖలను తన వంతుగా స్వీకరించెను. ఆ పనికి నియోగించిన దూరదర్శిని కటకము 8 అంగుళములు మాత్రమే. అచటి 15 అంగుళముల గ్రబ్ దూరదర్శిని ఎదుట అది చిన్నదే. అయినను లక్షలాది తారలను గాజుపలకలపై నిలిపిన కీర్తి దానిదే. భూభ్రమణాక్షమునకు సమాంతరముగా, హైదరాబాదు అక్షాంశమును బట్టి ఉత్తరమునకు సుమారు 17 డిగ్రీలు ఎత్తిన ఇరుసుపై తిరుగుచు, అది చుక్కను వెన్నంటి పోవలయును. ఇరుసు తడబడెనా, చుక్క గీతయగును. ఈ తారాచిత్రణ విద్యకు నూతనముగా పూనుకొను యువతీయువకులారా, కటకపు వైశాల్యమునకు మురిసిపోక, మీ ధనములో పెద్దపాలు ఆ ఇరుసును, దూరదర్శినిని మోయు దృఢమైన పీఠమునకే (మౌంటుకే) వెచ్చింపుడు.