చర్చి ముంగిట ఊరివిందు

దేవాలయపుఁ గప్పు కారినను, గంట పగిలినను ఊరివారు సొమ్మెట్లు కూర్చుకొందురు? ఇంటింటికిఁ బన్ను వేయుట యొక పద్ధతి. అందఱును గలసి విందు గుడిచి, ఆ విందువలన వచ్చిన లాభముతోనే పని నెఱవేర్చుకొనుట మఱియొక పద్ధతి. పదునేనవ, పదునాఱవ శతాబ్దములలో ఇంగ్లండు పల్లెలు పెక్కింట ఈ రెండవ పద్ధతియే సాగినది. ఆ విందునకు 'చర్చి ఏల్' అని పేరు. ఏల్ అనఁగా యవలతోఁ గాచిన మద్యము.

ఇది తఱచుగాఁ బెంతెకొస్తు పండుగ దినములలో జరుగుచుండెను. ఊరివారు ధాన్య మిచ్చెడివారు. చర్చి ధర్మకర్తలు దానిని మొలకెత్తించి, యెండఁబెట్టి, ఏల్ కాచి, రొట్టెలు కాల్పించి, చర్చి యావరణమునందో ప్రక్కనున్న 'చర్చి యిల్లు' నందో అమ్మెడివారు. నాట్యములు, రాబిన్ హుడ్ వేషములు వేడుక గొల్పుచుండెను. పొరుగూళ్లవారును వచ్చి కొనెడివారు. వారి విందునకు వీరును బోయెడివారు. వచ్చిన సొమ్ము చర్చి మరమ్మతులకును, గంటలకును, బీదలకును వినియోగమగుచుండెను.

డెవన్ మండలమున మోర్‌బాత్ అను చిన్నయూరు కలదు. అప్పుడందు సుమారు 33 కుటుంబము లుండెను. 1520 మొదలు 1574 వఱకు అచట గురువుగా నుండిన క్రిస్టఫర్ ట్రిక్కీ ఆ యూరి లెక్కలను వ్రాసియుంచెను. చర్చికిఁ జెందిన గొఱ్ఱెలను ఇంటి కొకటి రెండుగా ఊరివారే మేపెడివారు. పడుచువాండ్రు వేఱుగా నొక విందు జరిపి, ఆ లాభమును జర్చి కొప్పగించెడివారు. ప్రతి లెక్కయు ఊరివారి యెదుటఁ జదివి వినిపింపఁబడుచుండెను.

ఆఱవ ఎడ్వర్డు కాలమున (1547–1553) మతసంస్కారము పేర రాజాజ్ఞలు వచ్చెను. విందులు నిలిచెను, గొఱ్ఱెలు పోయెను, చర్చి యిల్లు అద్దె కీయఁబడెను. 1549లో ఆ ప్రాంతము తిరుగఁబడినపుడు ఈ చిన్నయూరును ఐదుగురు యువకులను బంపెను. మేరీ రాణి కాలమున విందులు మరల వచ్చినను, తరువాతి కాలమున పెక్కూళ్లలో క్రమముగా సన్నగిల్లినవి.

విందులను నిషేధింపఁగోరినవారు ఊరక పలుకలేదు. ఆదివారమునఁ ద్రాగుడు, కొట్లాటలు జరుగుట నిజమే. అందుచేత 1632లో రిచర్డ్‌సన్ అను ప్రధాన న్యాయాధిపతి సోమర్‌సెట్ మండలమున నిట్టి వేడుకలను మాన్పింప నుత్తరువు చేసెను. రాజగు మొదటి చార్లెసు దానిని రద్దు చేయించెను. బిషప్ పియర్స్ 1633లో డెబ్బదియిద్దఱు గురువుల యభిప్రాయములను గైకొని పంపెను. ఈ విందులవలనఁ బగలు చల్లారుననియు, బీదలకు మేలు గలుగుననియు వారు తెల్పిరి. పిమ్మట అంతర్యుద్ధము వచ్చి ప్యూరిటనులు బలవంతులు కాఁగా విందుల కాధారము తప్పెను.

విందు పోయినచోటఁ బన్ను వచ్చెను. కప్పు బాగుపడినది, గంట మ్రోగినది. కాని పన్ను కట్టుటకు ఒకరి మొగ మొకరు చూడనక్కఱలేదు. పగ గలిగిన యిరువురను ఒక బల్ల ముందుఁ గూర్చుండఁబెట్టు శక్తి పన్నునకు లేదు. త్రాగుడును మాన్పి పంక్తిని నిలుపుకొను త్రోవను ఆనాఁటివారు తగినంతగా వెదకలేదు. ఊరి పండుగలయందు దోషము గనఁబడినపుడు, దోషమును మాత్రమే తీయవలెనా, పండుగనే తీయవలెనా యని పెద్దలు ముందుగా విచారించుట మంచిది.