పని ఏ రాష్ట్రంలోనో చట్టమూ ఆ రాష్ట్రానిదే: వేతనం, జబ్బు సెలవుల విషయంలో యజమాని బాధ్యతలు

సంగనకల్లు నుండి బళ్ళారి నగరానికి దూరం కొద్ది కిలోమీటర్లే. జీన్స్ కుట్టు యూనిట్లకు, దుకాణాలకు, గోదాములకు ఇక్కడివారు ఎలా పోతారో, సరిహద్దు అవతల ఆలూరు, రాయదుర్గం వైపు ఊళ్ళవారూ అలాగే వస్తారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఊళ్ళు రెండు రాష్ట్రాల పాలైనా బంధుత్వాలు, పనిపాటలు విడిపోలేదు. అందువల్ల ఒక సందేహం తరచుగా వినిపిస్తుంది. రేషను కార్డు ఆంధ్రలో ఉన్నవారికి కర్ణాటక సెలవులు వర్తిస్తాయా? తప్పక వర్తిస్తాయి. చట్టం పని జరిగే స్థలాన్ని చూస్తుంది గాని, పనివాని స్వగ్రామాన్ని చూడదు. గుంతకల్లు దుకాణంలో పనిచేసే సంగనకల్లు వాసికి ఆంధ్ర చట్టం, బళ్ళారి దుకాణంలో పనిచేసే ఆలూరు వాసికి కర్ణాటక చట్టం. గనులు, రైల్వే వంటివి మాత్రం ఏ రాష్ట్రంలో ఉన్నా కేంద్ర ప్రభుత్వ పరిధిలోనివి.

వేతనాల విషయంలో ఇప్పుడు దేశమంతటికీ ఒకే చట్టం. 2025 నవంబరు 21 నుండి నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. వాటిలో 2019 నాటి వేతనాల కోడ్, 1936 వేతన చెల్లింపు చట్టం, 1948 కనీస వేతనాల చట్టం స్థానంలో వచ్చింది. దీని ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీ ముగిసేలోగా చేతికి అందాలి. వారపు కూలి వారంలో చివరి పనిదినాన, రోజు కూలి ఆ పూట పని ముగియగానే ఇవ్వాలి. జీతం చీటీ ఇవ్వడం యజమాని విధి. అదనపు గంటలకు మామూలు రేటుకు రెట్టింపు చెల్లించాలి. జీన్స్ కుట్టేవారు ముఖ్యంగా తెలుసుకోవలసిన సంగతి ఒకటున్నది. ముక్కల లెక్కన పని చేయించుకున్నంత మాత్రాన కనీస వేతనం బాధ్యత తీరిపోదు. ముక్కకు ప్రత్యేకంగా కనీస రేటు నిర్ణయించని చోట, పనిచేసిన కాలానికి నిర్ణయించిన కనీస రేటుకు తగ్గకుండా ఇవ్వవలసిందే.

కోతల సంగతి. పనికి రాని రోజులకు ఆ మేరకు తగ్గించవచ్చు. జరిమానా ఆ నెల వేతనంలో 3 శాతానికి మించరాదు. బట్ట పాడైందని నష్టం పట్టుకొనేముందు పనివాని సంజాయిషీ వినాలి. అన్ని కోతలూ కలిసి వేతనంలో సగం దాటరాదు. పని మానినా, మాన్పించినా రెండు పనిదినాలలో బాకీ అంతా తీర్చాలి.

ఆ మధ్య మా బడిలో చదివే ఒక పిల్ల తండ్రి ఒక కాగితపు నకలు తెచ్చి చదివి పెట్టమన్నాడు. జ్వరంతో తొమ్మిది రోజులు పనికి పోలేదట. తిరిగి పోగానే సెలవు చీటీ అని చెప్పి సంతకం పెట్టించుకొన్నారట. తెలుగు లిపి వచ్చినవాడు గనుక కన్నడ అక్షరాలు పోల్చుకోగలిగాడు, అర్థం మాత్రం తెలియలేదు. అందులో ఉన్నది "స్వ ఇచ్ఛెయింద రాజీనామె", "యావుదే బాకి ఇల్ల" అని. అంటే తన ఇష్టంతోనే పని మానుకొన్నాననీ, రావలసిన బాకీ ఏమీ లేదనీ. తొమ్మిది రోజుల జ్వరానికి ఆరేళ్ళ కొలువు పోయింది.

కాబట్టి కొన్ని కన్నడ మాటలు ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండడం మంచిది. రజె అంటే సెలవు, గళికె రజె అంటే ఆర్జిత సెలవు, కడిత అంటే కోత, కనిష్ఠ వేతన అంటే కనీస వేతనం, కార్మిక ఇలాఖె అంటే కార్మిక శాఖ. ఖాళీ కాగితం మీద సంతకం ఏ భాషలోనైనా ప్రమాదమే.

జబ్బు సెలవు దగ్గర రెండు రాష్ట్రాలకూ తేడా ఉన్నది. కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం (1961) ప్రకారం జబ్బు, ప్రమాదం లేక ఇతర తగిన కారణం మీద ఏడాదికి 12 రోజుల వరకు వేతనంతో సెలవు. ఆంధ్రలోని 1988 చట్టంలో జబ్బుకు 12, ఆకస్మిక సెలవు మరి 12. కర్మాగారాలలో దారి వేరు. అక్కడ జబ్బుపడిన రోజులకు డబ్బు ప్రధానంగా ఈ.ఎస్.ఐ. నుండి వస్తుంది. పదిమంది లేక అంతకు మించి పనిచేసే చోట, నెలకు రూ. 21,000 వరకు వేతనం ఉన్నవారిని అందులో చేర్చడం యజమాని బాధ్యత. చందాగా వేతనంపై యజమాని 3.25 శాతం, పనివాడు 0.75 శాతం కడతారు. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉంటే, తరువాత వచ్చే లబ్ధి కాలంలో సగటు దినవేతనంలో 70 శాతం చొప్పున జబ్బు భత్యం లభిస్తుంది. ఏడాదికి గరిష్ఠంగా 91 రోజులు. ఇందుకు ఈ.ఎస్.ఐ. వైద్యుని ధ్రువపత్రం ఉండాలి. చందా పట్టుకొని కార్డు ఇవ్వని యజమానులున్నారు. జీతం చీటీలో కోత కనబడితే కార్డు ఏదని అడగండి.

ఆర్జిత సెలవు ఇరవై పనిదినాలకు ఒక రోజు. పదిమందికి తగ్గని సంస్థలలో కొత్త కోడ్ ప్రకారం ఏడాదిలో 180 రోజులు పనిచేస్తే ఈ హక్కు వస్తుంది. పాత కర్మాగారాల చట్టంలో 240 రోజులు కావలసి ఉండేది. కర్ణాటకలో జాతీయ, పండుగ సెలవులు పది. వాటిలో జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1 తప్పనిసరి. స్త్రీలకు నెలసరి సమయంలో నెలకొక రోజు వేతనంతో సెలవు ఇవ్వాలని కర్ణాటక ప్రభుత్వం 2025 నవంబరులో ఉత్తర్వు ఇచ్చింది. దానిపై యజమాన్యాలు హైకోర్టుకు వెళ్ళాయి కూడా.

వేతన బాకీపై మూడేళ్ళలోగా అర్జీ పెట్టుకోవచ్చు. పాత కనీస వేతనాల చట్టంలో ఈ గడువు ఆరు నెలలే. బాకీతోపాటు దానికి పదిరెట్ల వరకు పరిహారం విధించే అధికారం విచారణాధికారికి ఉన్నది. వేతనం చెల్లించానని రుజువు చేయవలసిన భారం యజమానిదే. అయినా పనికి పోయిన రోజులు, కుట్టిన ముక్కలు, పుచ్చుకొన్న అడ్వాన్సు ఒక నోటుపుస్తకంలో తేదీలతో వ్రాసుకొంటే విచారణలో మాట నిలుస్తుంది. బళ్ళారిలో పనిచేసేవారు అక్కడి కార్మిక శాఖ కార్యాలయానికే పోవాలి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు జిల్లా న్యాయసేవల ప్రాధికారం ద్వారా ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాది దొరుకుతాడు. ఫోను 15100. అర్జీ కన్నడలో వ్రాయించి, ఒక ప్రతిపై కార్యాలయపు ముద్ర వేయించుకొని దగ్గర ఉంచుకోండి. వ్రాసిపెట్టేవారు లేకపోతే ఊరి బడికి రండి.