సూదితోపాటు లెక్క



పదో తరగతి దాటిన పిల్లవాడు కుట్టుపని నేర్చుకుంటానంటే, "చదువు అబ్బలేదు కాబోలు" అనేవారు మనలో ఇంకా ఉన్నారు. ఈ మాటకు జవాబు న్యూయార్క్ నగర చరిత్రలో దొరుకుతుంది.

20వ శతాబ్దం మొదట్లో ఆ నగరంలో రెడీమేడ్ దుస్తుల తయారీ పెద్ద పరిశ్రమ. మిషన్ల ముందు కూర్చున్నవారిలో చాలామంది ఇటలీ నుంచి, తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన కుటుంబాల ఆడపిల్లలు. 1911 మార్చి 25న ట్రయాంగిల్ అనే జాకెట్ల ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకు తాళం వేసి ఉంది. మొత్తం 146 మంది చనిపోయారు. అందరికంటే చిన్నవారి వయస్సు 14 ఏళ్లు. బడిలో ఉండవలసిన వయస్సు అది.

ఆ తరువాత ఫ్యాక్టరీ చట్టాలు మారాయి. 1917లో స్మిత్-హ్యూస్ చట్టం వచ్చి, వృత్తి విద్యకు కేంద్ర ప్రభుత్వం డబ్బు ఇవ్వడం మొదలైంది. 1926లో న్యూయార్క్‌లో సూదిపనుల కోసమే ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ పాఠశాల వెలిసింది. దాని మొదటి తరగతులు దుస్తుల కార్ఖానాల నడుమనే జరిగాయి. తరువాత 24వ వీధిలో సొంత భవనం ఏర్పడింది. అక్కడి సభామందిరం గోడలపై చిత్రకారుడు ఎర్నెస్ట్ ఫీన్ కుట్టు పరిశ్రమ చరిత్రను పెద్ద బొమ్మలుగా గీశాడు. ట్రయాంగిల్ మంటలు కూడా అందులో ఉన్నాయి. తమ వృత్తి ఏ బాధలు దాటి వచ్చిందో పిల్లలు రోజూ చూడవచ్చునన్నమాట.

మార్టిమర్ రిట్టర్ అనే విద్యావేత్తకు ఇది చాలలేదు. ఆయనకు దర్జీపనీ తెలుసు, బోధనా తెలుసు. కత్తిరించడం, కుట్టడం మాత్రమే వస్తే పిల్లలు జీవితాంతం కూలీలుగానే మిగిలిపోతారు. గుడ్డ ఎక్కడ కొనాలి, ఒక చొక్కాకు ఖర్చు ఎంత, ధర ఎంత పెట్టాలి అన్నది తెలిసినవాడే యజమాని అవుతాడు. అందుకే 1944లో వ్యాపార ప్రముఖుల తోడ్పాటుతో, అదే భవనం పై అంతస్తులలో, 100 మంది విద్యార్థులతో ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ మొదలైంది. అక్కడి తొలి పాఠ్యాంశాలు రెండు: ఒకటి డిజైను, రెండోది శాస్త్రీయ నిర్వహణ. అంటే సూది ఒక చేతికి, లెక్కల పుస్తకం మరో చేతికి.

ఈ రెండూ ఎందుకు కలవాలో కాల్విన్ క్లైన్ కథ చెబుతుంది. ఆ సంస్థలో చదివిన ఆయన 1968లో సొంత కంపెనీ పెట్టాడు. దుస్తుల రూపకల్పన ఆయనది. పెట్టుబడి, వ్యాపారం చూసుకున్నవాడు బాల్యమిత్రుడు బారీ ష్వార్ట్జ్.

ఈ కథకు మనతో నేరుగా సంబంధం ఉంది. 1986లో ఢిల్లీలో మన నిఫ్ట్ ప్రారంభమైనప్పుడు, తోడ్పడినది ఈ న్యూయార్క్ సంస్థే. నేడు చెన్నై, బెంగళూరు, ముంబయి, భువనేశ్వర్, హైదరాబాదులలో నిఫ్ట్ శాఖలు ఉన్నాయి. మన తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన రాష్ట్రాలలోని నగరాలే ఇవి.

షోలాపూరులో మగ్గాల మోత నడుమ పెరిగిన తెలుగు పిల్లలకు నూలు సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. వారికి కావలసినది ఖర్చు రాసుకోవడం, కొత్త నమూనా గీయడం, కొనేవారితో ధైర్యంగా మాట్లాడడం. నిఫ్ట్ మెట్లు ఎక్కలేని పిల్లలే ఎక్కువ. వారికి ఈ మూడూ బడిలోనే అందాలి. లెక్కల మాస్టారు లాభనష్టాల పాఠానికి ఊళ్లోని దర్జీ దుకాణాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. అనుభవమున్న నేతగాడు నెలకొక గంట బడికి వచ్చి పిల్లలతో మాట్లాడవచ్చు.

చేతిపని చదువుకు తక్కువ కాదు. చదువు తోడు లేని చేతిపనికే కూలి తక్కువ. ఈ తేడాను పెద్దలం గుర్తిస్తే పిల్లలకు దారి దొరుకుతుంది.