బండి ఆగే ఊరు

పాకాల అని ఇంటర్నెట్‌లో వెతికితే ముందు వరంగల్ దగ్గరి కాకతీయుల చెరువు వస్తుంది. నేను చెప్పేది ఆ పాకాల గురించి కాదు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే రైల్లో చంద్రగిరి దాటాక వచ్చే జంక్షన్ గురించి. కోట చూడాలనుకునేవాళ్ళు చంద్రగిరిలో దిగుతారు. పాకాలలో ఒకప్పుడు బండి మారడానికి దిగేవాళ్ళు.

విల్లుపురం నుంచి కాట్పాడి, చిత్తూరు, పాకాల, పీలేరు, కదిరి మీదుగా ధర్మవరం దాకా సౌత్ ఇండియన్ రైల్వే వాళ్ళ మీటర్ గేజ్ లైను 1890ల మొదట్లో పడింది. అప్పటికింకా చిత్తూరు జిల్లానే లేదు, అది 1911లో వచ్చింది. అప్పట్లో ఇదంతా ఉత్తర ఆర్కాటు. 1876-78 నాటి ధాత కరువులో జనం లక్షల్లో చచ్చిపోయాక, ఎండిన సీమలకు గింజలు చేరాలంటే రైళ్ళు కావాలని 1880లో కరువు కమిషన్ చెప్పింది. మీటర్ గేజ్ అయితే ఖర్చు తక్కువ. ఆ పొదుపుకు ఇంకో ఖర్చు తోడైంది. కాట్పాడిలో మద్రాసు వైపు పోయేది బ్రాడ్‌గేజ్ కాబట్టి సరుకంతా ఒక వ్యాగన్‌లోంచి దించి ఇంకో వ్యాగన్‌లోకి ఎత్తాలి.

ఆవిరి ఇంజనుకు దాహం ఎక్కువ. కొంత దూరం పోయేసరికి నీళ్ళు పట్టాలి, బొగ్గు ఎత్తాలి, బూడిద దులపాలి, డ్రైవరు మారాలి. అమెరికా ప్రెయిరీల్లో ఎన్నో ఊళ్ళు ఇలా ఇంజనుకు నీళ్ళు పట్టే చోటే పుట్టాయి. పాకాలకు లోకో షెడ్డు ఉండేది. షెడ్డుతో పాటు క్వార్టర్సు, క్వార్టర్సుతో పాటు అరవం. సౌత్ ఇండియన్ రైల్వే పెద్దాఫీసు తిరుచినాపల్లిలో ఉండేది, అందుకని వచ్చే ఉద్యోగుల్లో అరవవాళ్ళు తక్కువేం కాదు. మా అవ్వకు ఈ వీధి తెలుగూ ఆ వీధి అరవమూ కలిపి తిట్టడం బాగా వచ్చు.

అవ్వ చెప్పే పాకాలలో గడియారం లేదు. "టైము ఎవురు జూస్తార్రా? ధరమారం బండి కూసినాకే ఎసరు పెట్టేది," అనేది. రాత్రి రెండు గంటలకు కాల్ బాయ్ లాంతరు పట్టుకుని డ్రైవర్ల తలుపులు తట్టేవాడట. పేరుకు బాయ్, తలేమో నెరిసిపోయింది. అతను తప్పు తలుపు తడితే ఆ ఇంట్లో పసిబిడ్డ లేచి ఏడిస్తే, మర్నాడు కొళాయి దగ్గర పంచాయితీ.

తెల్లారుజామున ఆడవాళ్ళు బూడిద కుప్పల దగ్గరికి పోయేవాళ్ళు. ఇంజన్లోంచి దులిపిన బూడిదలో సగం కాలిన బొగ్గు ముక్కలు దొరికేవి. గంపలో ఏరుకొచ్చి కుంపట్లో వేస్తే మధ్యాహ్నం వంట గడిచిపోతుంది. రైల్వే లెక్కలో అది దొంగతనం. కాపలా మనిషి అదిలించేవాడు, అతని పెళ్ళాం మాత్రం వీళ్ళతోనే ఏరేది. ఏ లైను ఏ ఏడు పడిందో, ఎన్ని మైళ్ళో రైల్వే చరిత్రల్లో శ్రద్ధగా రాసుకున్నారు. ఈ గంపలు మాత్రం వాటిలో నాకు కనపళ్ళేదు. అవ్వ అరిచేతుల్లో పగుళ్ళు చివరిదాకా నల్లగానే ఉండేవి.

ధర్మవరం దారిలో, పాకాలకు దగ్గర్లోనే దామలచెరువు. మామిడికాయల మండీ ఊరు, కథకుడు మధురాంతకం రాజారాం ఊరు కూడా. ఆ ప్రాంతపు బడిపంతుళ్ళూ రైతులూ ఆయన కథల్లోకి ఎక్కారు కాబట్టి వాళ్ళను ఇవాళ కూడా కలుసుకోవచ్చు. షెడ్డు మనుషులకు ఆ అదృష్టం పట్టలేదని నా ఫిర్యాదు.

1951లో సౌత్ ఇండియన్ రైల్వే సదరన్ రైల్వేలో కలిసింది, 1977లో గుంతకల్లు డివిజన్ దక్షిణమధ్య రైల్వేకి వచ్చింది. ఊరికి ఇవి బోర్డు మీద అక్షరాల మార్పులే. డీజిల్ రావడమే అసలు మార్పు. దానికి నీళ్ళ గొడవ లేదు, తెల్లారుజాము బూడిదా లేదు. ఆ తర్వాత గేజి మార్పు. కాట్పాడి–తిరుపతి ముందు, 2010 నాటికి ధర్మవరం లైనూ బ్రాడ్‌గేజ్ అయ్యాయి. మంచిదే, ఎవరూ కాదనరు. మీటర్ గేజ్ పెట్టెలో కదిరి దాకా నడుం విరిగేలా కూర్చున్నవాళ్ళెవరూ దాన్ని పొగడరు. కాకపోతే ఇప్పుడు బండి ఇలా ఆగి అలా పోతుంది.

పోయినసారి నేను దిగినప్పుడు ప్లాట్‌ఫారం చివర నిలబడి షెడ్డు ఎక్కడుండేదని ఒక పెద్దాయన్ని అడిగాను. ఆయన చెయ్యి చాపి చూపించబోయి, ఆగి, "నువ్వు ఎవురి మనవడివి?" అన్నాడు.